ఎలుగుబంటికి దొరికిన పసుపు

నేనేం పని చేస్తానో శంషాబాద్ ఆటోవాళ్ళకు చెప్పి ఒప్పించడం ఈ జన్మలో నా వల్ల కాలేదు.

"ఏం పని చేస్తవన్నా?"

"రంగుల పని."

"ఇండ్లకా?"

"కాదు, సినిమాలకు. బొమ్మల సినిమాలకు."

"అంటే బొమ్మలకు నువ్వే రంగులేస్తవా?"

"ఏసేటోళ్ళు వేరే ఉంటరు. ఏ సీనుకు ఏ రంగులుండాల్నో నేను జెప్త."

ఆటో అన్న అద్దంలోంచి నన్ను జాలిగా చూస్తాడు. "అంటే జెప్పుడే, ఏసుడు లేదు. మా చిన్నాయన గూడ గంతే."

ఆ చిన్నాయనెవరో నాకు తెలియదు గానీ, ఆయన్ని తలుచుకుంటే నాకు మనుషుల మీద నమ్మకం కలుగుతుంది. ప్రపంచంలో నాలాంటివాడు ఇంకొకడున్నాడు.

పని ఏమిటంటే, గంటన్నర బొమ్మల సినిమాలో ఒక్క బొమ్మ కూడా కదలకముందే ఆ సినిమా మొత్తాన్నీ అగ్గిపెట్టెలంత చిన్న చిన్న గళ్ళలో, వరసగా, పొడుగాటి పట్టీ మీద గీసిపెడతాను. మొహాలుండవు, కళ్ళూ ముక్కులూ ఉండవు. రంగుల మచ్చలే. దూరం నుంచి చూస్తే ఓ పెద్ద కుటుంబం బట్టలన్నీ ఒకే దండెం మీద ఆరేసినట్టుంటుంది. ఆ దండెం వంక చూసి, జనం ఎక్కడ నవ్వుతారో, ఎక్కడ కుర్చీ చేతులు పట్టుకుంటారో, ఎక్కడ ముక్కు చీదుకుంటారో చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఆ పట్టీ చెత్తబుట్టలోకి.

మనిషికి కథ అర్థమయ్యే ముందే రంగు తగులుతుంది. ఒక గది, ఒక మంచం, మంచం మీద ఒక ముసలామె అనుకోండి. బల్బు పసుపు పోసి చూడండి, ఆమె కునుకు తీస్తోంది. ఆ పసుపు తీసి కిటికీలోంచి నీలం వదలండి, ఆమెకు జ్వరం. రెండూ తీసేసి ఉత్త బూడిద రంగు మిగల్చండి, చూసేవాళ్ళు కుర్చీల్లోంచి ముందుకు వంగి ఆమె ఊపిరి ఆడుతోందా లేదా అని వెతుకుతారు. ముసలామె వెంట్రుక కూడా కదపలేదు నేను. ఇంత అధికారం జిల్లా కలెక్టరుకు లేదు. యముడికి ఉందేమో, ఆయనకైనా పైనుంచి సంతకం కావాలంటారు.

ఇంత అధికారంతో నేను సాధించిందేమిటంటే, వరసగా మూడు రాఖీ పున్నములు నా కుడి మణికట్టు బోసిగా ఉండిపోయింది. మా అక్క మామిడిపల్లిలో ఉంటుంది. మా ఇంటికి ఆటోలో అరగంట. రాఖీ రోజున మా వైపు ఆడవాళ్ళు బస్సుల మెట్ల మీద వేలాడుతూ అన్నదమ్ముల ఇళ్ళకు పోతారు. ఆ రోజు బస్సు కిటికీలన్నీ రంగురంగుల కొంగులే. ఆ మూడేళ్ళూ అందులో మా అక్క కొంగు లేదు. ఆమె ఒక్కసారి మళ్ళీ మా గడప తొక్కాలని నేను కోరుకున్నంతగా ఏ సినిమాకూ ఏ బహుమతీ రావాలని కోరుకోలేదు.

ఆమె ఎందుకు రావడం మానేసిందో చెప్పాలంటే, నాకు రంగులు నేర్పిందెవరో ముందు చెప్పాలి. అది కూడా ఆమే.

నాకు ఏడేళ్ళు, అక్కకు పన్నెండు. బతుకమ్మ పేర్చేందుకు తెచ్చిన గునుగుపూలను పగిలిన కుండలో రంగునీళ్ళు కలిపి ముంచుతోంది. కుండలో ఆ రంగు ఎంత చిక్కగా ఉండేదంటే, నా చెయ్యి ముంచితే మరుసటి ఏడాది పండగ దాకా వేళ్ళు ఊదాగానే ఉండేవి. నేను ఊదా వరస పక్కనే ఎర్ర వరస పెట్టాను. టప్పున చేతి మీద కొట్టింది.

"అవి రెండు కొట్లాడుకుంటున్నయ్, కనవడ్తలేదా?"

"ఏమో, మంచిగనే ఉన్నయ్."

"నీ మొఖం. నడుమల తెల్ల గునుగు వెట్టు. రంగును జర ఊపిరి తీస్కోనియ్."

తర్వాత చాలా ఏళ్ళకు, అమీర్‌పేటలో ఓ కోచింగ్ సెంటర్లో ఒక సారు ఇదే మాట చెప్పడానికి మూడు నెలలు, నూటయాభై స్లైడ్లు తీసుకున్నాడు. ఆ మూడు నెలలూ నాకు చెయ్యి చురుక్కుమంటూనే ఉంది.

మా స్టూడియో బెంగళూరు రోడ్డు మీద, కొత్తూరు రాకముందు, ప్లైవుడ్ గోదాముకూ పశువుల దాణా గోదాముకూ మధ్య రెండో అంతస్తులో ఉంటుంది. సముద్రపు సీను గీస్తున్నా గదిలో తవుడు వాసనే. ఎయిర్‌పోర్టులో దిగే విమానాలు మా కప్పు మీద కూర్చుని కాసేపు అలుపు తీర్చుకుని పోతాయా అన్నంత కిందుగా పోతాయి. మా డైరెక్టరు కోస్తా మనిషి, పెద్ద మర్యాదస్తుడు. విమానం వచ్చినప్పుడు ఆయన మాట్లాడడం ఆపడు, నోరు మూగగా కదుపుతూనే ఉంటాడు. మేం తలలూపుతూనే ఉంటాం. అట్లా ఎన్ని నిర్ణయాలకు ఒప్పుకున్నామో దేవుడికే ఎరుక.

అప్పుడు మా చేతిలో ఓ విదేశీ కంపెనీ వాళ్ళ ఎలుగుబంటి సినిమా ఉంది. తల్లి ఎలుగు, తండ్రి ఎలుగు, రెండు పిల్లలు. సగం సినిమాలో తండ్రి ఏట్లో కొట్టుకుపోతాడు. ఆ తర్వాత గుహలో తల్లి ఒక్కతే కూర్చునే సీను. పట్టీలో అది పద్నాలుగోది. దాని రంగు నన్ను తేల్చమన్నారు.

చేతకానివాళ్ళు చావు సీనుకు నలుపు పోస్తారు. ఉరుము, మెరుపు, వాన. నేను అట్లా చెయ్యలేదు. సినిమా మొదటి నుంచీ ఆ ఇంటిలో ఎక్కడో ఒకచోట తేనె పసుపు ఉండేట్టు చూశాను. గుహ వాకిట్లో ఎండుగడ్డిలో, దీపంలో, తల్లి ఎలుగు భుజాల మీది శాలువాలో. చూసేవాళ్ళకు అది ఉన్నట్టు కూడా తెలియదు. పద్నాలుగో సీనులో ఆ పసుపొక్కటీ తీసేశాను. గడ్డి బూడిద, శాలువా బూడిద, అంతే. ఏదో పోయిందని మనసుకు తెలుస్తుంది, ఏం పోయిందో కంటికి దొరకదు. ఆ గడిని చూసి మా డైరెక్టరు కళ్ళు తుడుచుకున్నాడు. ఆ రోజుల్లో ఊళ్ళో కళ్ళకలక నడుస్తోంది. అయినా ఆ కన్నీళ్ళు నా రంగు వల్లేనని స్టూడియో అంతా, రెండు గోదాములతో సహా, ప్రచారం చేసుకున్నాను.

ఆ వారంలోనే మా బావ పోయాడు.

కొత్తూరులో ఫ్యాక్టరీ పని. పొద్దున షిఫ్టులో గుండె పట్టుకున్నాడు, దవాఖానకు చేరేలోపే అయిపోయింది. బావకు చిలకపచ్చ చొక్కాలంటే పిచ్చి. అవతలి చివర నుంచి సంతలోకి అడుగుపెడితే ఇవతలి చివర కోళ్ళు తెల్లారిందని కూసేంత పచ్చ. ఆయన పక్కన అక్క ఎప్పుడూ నిండు రంగులే కట్టేది, నడుమ కాస్త తెలుపు ఉండేట్టు చూసుకుని.

పదో దినానికి మా వైపు ఓ వాడుక ఉంది. భర్త పోయిన ఆడమనిషికి మొదటి చీర తల్లిగారు, అంటే పుట్టింటివాళ్ళు, పెట్టాలి. అమ్మా నాయనా లేరు గనక తల్లిగారంటే నేనే. ఆ చీర ఏ రంగైనా పెట్టొచ్చు. ఫలానా రంగే పెట్టాలని ఎవరూ అనరు. కానీ తల్లిగారు ఏ రంగు పెడితే, 'మా పిల్ల ఇక ముందు ఇట్ల బతుకుతది' అని నలుగురి ముందూ చెప్పినట్టు లెక్క. మా మేనత్తకు మా నాయన ఎర్రంచు చీర పెట్టాడు. ఆమె డెబ్బై ఏళ్ళ దాకా ఎర్రంచు చీరలే కట్టింది, ఒక్కరూ నోరెత్తలేదు. ఈ సంగతి నాకు తెలుసు. చిన్నప్పుడు ఆ ఎర్రంచు పట్టుకునే నేను ఆమె వెనక సంతకు పోయేవాణ్ణి.

అంతా తెలిసి, ముందురోజు పొద్దున శంషాబాద్ బట్టల షాపులోకి పోయి, నేను చేసిన పని ఇది. జేబులోంచి ఫోను తీశాను. అందులో పద్నాలుగో సీను గడి తెరిచాను. షాపాయన పరిచిన ప్రతి చీర పక్కనా ఆ ఫోను పెట్టి చూడడం మొదలుపెట్టాను. ట్యూబులైటు కింద రంగు అబద్ధం చెబుతుంది గనక, ఒక్కో చీరనూ రోడ్డు మీదికి మోసుకుపోయి ఎండలో చూశాను. నలభయ్యో యాభయ్యో చీరలయ్యుంటాయి. బెంగళూరు పోయే లారీలు నెమ్మదించి చూశాయి.

"సార్, మీరు చీర కొంటున్నరా, జ్వరం జూస్తున్నరా?" అన్నాడు షాపాయన.

"జర ఆగన్నా, కరెక్టు షేడు కావాలె."

"ఎవరికి సార్?"

"మా అక్కకు. రేపు మా బావ పదో దినం."

ఆయన చేతిలో చీర కింద పెట్టేశాడు. గొంతు తగ్గించి అడిగాడు, "మరి గీ బూడిద రంగెందుకు సార్? గిది జూడుండ్రి, మెంతి రంగు. మొన్న గిట్లనే ఒకాయన చెల్లెకు గిదే తీస్కపోయిండు."

"అన్నా, సందర్భానికి ఓ మూడ్ ఉంటది. నిండు రంగు వెడ్తే అది చెదిరిపోతది."

"సందర్భం ఒక్క పూట సార్. చీర ఏండ్లు కడ్తరు."

పొద్దున్నించి రాత్రి దాకా రంగుల నడుమ బతుకుతూ రంగు తెలియని మనిషి, పాపం, అనుకున్నాను. శాలువాకు సరిగ్గా సరిపోయిన చీర దొరికింది. నిక్కమైన బూడిద. అటు నీలానికీ పోదు, ఇటు మట్టి రంగుకూ పోదు. గెలిచినవాడిలా ఇంటికొచ్చాను.

మా ఆవిడ సంచీలోంచి తీసి చూసింది.

"గిదేంది? పొయ్యిల బూడిదనా?"

"దీనికి వేరే పేరుంది. నీకు జెప్పినా..."

"పేరేదైతేంది? వదినె కట్టేది పేరు గాదు. పా, నేనొస్త, ఇంకోటి దెస్తం."

"రేపే దినం. ఇగ టైం లేదు."

టైం ఉంది. అప్పటికి ఇంకా మధ్యాహ్నమే. షాపు తెరిచే ఉంది, షాపాయన ఆ మెంతి రంగు చీర మడత కూడా పెట్టి ఉండడు. నాకు నా రంగు మీద మోజు, అంతే.

మరునాడు మామిడిపల్లిలో, సున్నం వేసిన గోడ ముందు, చుట్టాలందరి నడుమ పళ్ళెంలో ఆ చీర పెట్టాను. పెద్దముత్తైదువలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అక్క చీర అంచును రెండు వేళ్ళ మధ్య రాసి చూసింది. గునుగుకు రంగు పట్టిందో లేదో చూసేప్పుడు అట్లాగే రాసేది.

"నువ్వే ఏరినవా తమ్మీ?"

"నేనే అక్కా. మూడు గంటలు ఏరిన."

"మంచిది," అంది. లోపలికి పోయి కట్టుకొచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది.

ఇప్పుడు నేను రాయబోయే వాక్యం పదిసార్లు కొట్టేశాను. అక్కను చూసి నా కళ్ళ వెంట నీళ్ళు రాలేదు. ఫ్రేము బాగుంది అనుకున్నాను. తెల్లగోడ, బూడిద చీర, ఎడమ పక్క నుంచి పల్చటి ఎండ. గోడ మీద పైన చాలా ఖాళీ. తర్వాతి రోజే స్టూడియోకు పోయి పద్నాలుగో సీనులో తల్లి ఎలుగును గుహ మధ్య నుంచి లేపి, తెల్లటి రాతిగోడకు ఆనించి కూర్చోబెట్టాను. పైన చాలా ఖాళీ వదిలాను. సినిమా మొత్తంలో అదే గొప్ప గడి అన్నారందరూ. ఈసారి కళ్ళకలక కూడా లేదు.

దినాలయ్యాక నిద్రలు. మా వైపు దుఃఖంలో ఉన్న మనిషిని చుట్టాలు ఒకరి తర్వాత ఒకరు తమ ఇంటికి తీసుకుపోయి, ఒక రాత్రి పడుకోబెట్టి, చీర పెట్టి పంపుతారు. ఇంట్లో ఒంటరిగా ఉంచకూడదని. చాలా మంచి ఆచారం. జల్‌పల్లి మేనమామ ఇంటి నుంచి అక్క పావురం బూడిద రంగు చీరతో వచ్చింది. కొత్తూరు చిన్నమ్మ సిమెంటు బూడిద పెట్టింది. ఇంకెవరో వానమబ్బు బూడిద. "తల్లిగారే గట్ల వెట్టిండ్రు, మనం నిండుది వెడ్తే ఏం బాగుంటది?" అని చిన్నమ్మ మా ఆవిడతోనే అందట. నిద్రలన్నీ అయ్యేసరికి అక్క పెట్టెలో పదకొండు చీరలు, ముదురు నుంచి లేతకు, ఒకే కుటుంబం. నా చేతిలో ఏ సినిమా పట్టీకీ అంత క్రమశిక్షణ కుదరలేదు.

ఆ తర్వాత అక్క ఎయిర్‌పోర్టులో శుభ్రం చేసే పనిలో చేరింది. వాళ్ళు చీర మీద తొడుక్కోవడానికి ఓ జాకెట్టు ఇచ్చారు. నిమ్మపండును కరెంటులో ముంచి తీసినంత పసుపు, దాని మీద మెరిసే పట్టీలు. రన్‌వే అవతలి నుంచి పైలట్లు దాన్ని చూసి దిగుతారేమోనని నా అనుమానం. చుట్టాలెవరూ దాని గురించి ఒక్క మాట అనలేదు. అది చీర కాదు గదా, డ్యూటీ.

మొదటి రాఖీకి సంవత్సరీకం కాలేదని రాలేదు. రెండో రాఖీకి ఫోను చేశాను.

"డ్యూటీ ఉంది తమ్మీ."

"లీవు వెట్టరాదక్కా?"

"పున్నమని విమానాలు ఆగుతయా?"

మూడో రాఖీకీ అదే మాట. ఫోను పెట్టేశాక మా ఆవిడ పప్పు పోపేస్తూ, నా వైపు తిరగకుండానే, "డ్యూటీ గాదు. నీ చీర," అంది.

"చీరతోని ఏమైంది?"

"మొదటి చీర తమ్ముడు వెట్టిండు. ఇగ నేను గిట్లనే ఉండాలె గావచ్చు అన్నది నాతోని. గంతే అన్నది. ఏడ్వలే గూడ."

ఆ మాట మీద ఒక ఏడాది పాటు నాలో నేనే వాదించుకున్నాను. తటస్థ వర్ణం, సందర్భ శుద్ధి, తక్కువ సాంద్రత, ఇట్లాంటి పెద్ద పెద్ద మాటలన్నీ వాడి ప్రతిసారీ నేనే గెలిచాను. గెలిచి ఏం లాభం? మణికట్టు బోసే.

ఇంతలో ఎలుగుబంటి సినిమా చివరికొచ్చింది. కంపెనీ వాళ్ళు కొంతమంది పిల్లలకు వేసి చూపించి, కబురు పంపారు. 'తల్లి ఇక ఎన్నటికీ కోలుకోదన్నట్టుంది. పద్నాలుగో సీను అయ్యేలోపు ఆమె రంగు ఆమెకు తిరిగి ఇవ్వండి.' రెండంటే రెండు వాక్యాలు.

నేను ఎనిమిది పేజీల జవాబు రాశాను. కోర్టులో ఉరిశిక్ష పడ్డవాడి లాయరు కూడా అంత రాసి ఉండడు. మా డైరెక్టరు అంతా చదివి కళ్ళద్దాలు తీశాడు.

"ఏమండీ, తల్లి పాత్ర కదండీ. భర్త పోయినంత మాత్రాన ఆవిడకి ఇక రంగే లేకుండా చేసేస్తే ఎలాగండీ?"

"అది మూడ్ సార్. పసుపు దెస్తే దుఃఖం చెదిరిపోతది."

"దుఃఖం ఎక్కడికీ పోదండీ. మీరు..."

విమానం వచ్చింది. ఆయన నోరు చాలాసేపు కదిలింది. నేను తలూపకుండా ఉండాలని మెడ బిగబట్టుకున్నాను. విమానం పోయేసరికి ఆయన చెప్పడం అయిపోయింది. ఏం చెప్పాడో అడగలేదు.

ఒక్క మధ్యాహ్నంలో నా కింద పనిచేసేవాళ్ళు ఆ పసుపు తిరిగి పెట్టేశారు. ఒక్కసారిగా పొయ్యలేదు. ముందు వాకిట్లో ఒక గడ్డిపోచ కొసకు. తర్వాత రాతిగోడ మీద చెయ్యెడల్పు ఎండకు. ఆ ఎండ నెమ్మదిగా జరుగుతూ జరుగుతూ శాలువా అంచును తాకుతుంది, అక్కడి నుంచి పసుపు దారం దారంగా పైకి పాకుతుంది. తల్లి మొహంలో ఏ మార్పూ లేదు. అదే దిగులు. కానీ ఆ దిగులు మనిషి రేపు లేచి పిల్లలకు వండిపెడుతుందని తెలిసిపోతోంది. నిజం చెప్పాలంటే సీను బాగుపడింది. అది బాగుపడినందుకు నాకు వచ్చిన కోపానికి రెండు రోజులు అన్నం సయించలేదు.

సినిమా తయారయ్యాక మా ఇళ్ళవాళ్ళ కోసం శంషాబాద్‌లో ఓ హాల్లో ఆదివారం పొద్దున ఆట వేశారు. అక్కకు ఫోను చేశాను. డ్యూటీ అంటుందనుకున్నాను. "ఒంటిగంటకు డ్యూటీ. గప్పటిదాక వస్త," అంది. ఎందుకొప్పుకుందో నాకు తెలియదు. చిన్నప్పటి కుండలో రంగు ఏమైందో చూద్దామనుకుందేమో.

సిమెంటు బూడిద చీరలో వచ్చింది. జాకెట్టు మడిచి సంచీలో పెట్టుకుంది. నా పక్క కుర్చీలో కూర్చుంది. నేను సినిమా చూడలేదు, అది నాకు కంఠతా వచ్చు. అక్క చీరను చూశాను. బూడిద రంగుకు తనదంటూ పట్టుదల ఉండదు, ఏ వెలుగు పడితే ఆ రంగు ఒప్పుకుంటుంది. తేనె పసుపు ఇంటి సీన్లలో చీర తేనె రంగైంది. ఏట్లో తండ్రి కొట్టుకుపోతుంటే మెడ దాకా నీలమైంది. పద్నాలుగో సీను మొదట్లో చీరకూ తెరకూ తేడా లేదు, అక్క ఆ గుహలోనే కూర్చుని ఉంది. ఆ తర్వాత గడ్డిపోచ, ఎండ, శాలువా. నా పక్కన మా అక్క పసుపు చీరలో కూర్చుంది. రెండు నిమిషాలు.

ఆట అయిపోయి లైట్లు వేశారు. సిమెంటు.

పిల్లలు కేకలేస్తూ మా మీదుగా పోతున్నారు. అక్క లేవలేదు.

"తమ్మీ, గా ఎలుగుబంటి మొగడు సచ్చిపోయిండు గదా?"

"అవునక్కా."

"మరి దాని శాలువ మళ్ళ పసుపెట్లైంది?"

"పై కంపెనీవాళ్ళు అడిగిండ్రు. రంగు మళ్ళ ఇయ్యుమన్నరు."

"నువ్వేమన్నవ్?"

అబద్ధం చెప్పొచ్చు. కోతలు కొయ్యడంలో నన్ను మించినవాడు ఈ రెండు మండలాల్లో లేడు. ఆ క్షణాన ఒక్కటీ దొరకలేదు.

"వద్దన్న."

అక్క నా మొహం వంక చూసి పకపకా నవ్వింది. బావ బతికున్నప్పుడు నవ్వినట్టే, ముందు వరస వాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా.

"దానిక్కూడ వద్దన్నవా?"

కొంగుతో కళ్ళు తుడుచుకుని లేచింది. సంచీలోంచి జాకెట్టు తీసి అక్కడే తొడుక్కుంది. "వచ్చే ఆదివారం రాఖీ గదా. వస్త," అంది.

ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు. అదే షాపుకు పోయాను. ఫోను ఇంట్లోనే పెట్టి పోయాను.

"ఇయ్యాల జ్వరం జూడరా సార్?"

"చూడనన్నా. మంచి పసుపు ఒకటి ఇయ్యి."

తంగేడుపువ్వు రంగు చీర తీశాడు, ఎర్రంచుది. ఎండలోకి తీసుకుపోలేదు, మడత కూడా విప్పలేదు. రాఖీకి అన్నదమ్ములు చీర పెట్టడం అందరూ చేసేదే. కానీ నేను ఆ చీరతో మూడేళ్ళు వెనక్కి పోయి, సున్నపు గోడ ముందు పళ్ళెంలో దాన్నే పెట్టబోతున్నట్టు మోసుకొచ్చాను.

పొద్దున పదింటికి అక్క వచ్చింది. జాకెట్టుతోనే, ఇట్నుంచి ఇటే డ్యూటీకి పోవాలంది. మా ఆవిడ పీట వేసింది, హారతి పళ్ళెం తెచ్చింది. పళ్ళెంలో మా ఆవిడ బజారు నుంచి తెచ్చిపెట్టిన రాఖీ ఉంది, బంగారు జరీ, మధ్యలో ఎర్రపూస. అక్క దాన్ని పక్కకు జరిపింది. జాకెట్టు జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీసి విప్పింది.

మూడు పోగులు కలిపి పేనిన దారం. పూస లేదు, జరీ లేదు. అటు నీలానికీ పోదు, ఇటు మట్టి రంగుకూ పోదు. ఎక్కడున్నా గుర్తుపడతాను. అది నేను పెట్టిన చీర కొంగు పోగు.

చెయ్యి చాపాను. కట్టింది. మూడు ముళ్ళు, గట్టిగా.

"కలర్ మంచిగుందా తమ్మీ?"

"అక్కా, తప్పయింది."

"ఎన్నో నంబరు సీన్ల?"

మా ఆవిడ వంటింట్లోకి పోయింది. నేను చీర చేతిలో పెట్టాను. అక్క మడత విప్పి కిటికీ వెలుతురుకు పట్టి చూసింది. అంచును రెండు వేళ్ళ మధ్య రాసింది. చాలాసేపు రాసింది. ఆ కాస్సేపట్లో నేను మొక్కని దేవుడు లేడు.

"మంచిగుంది. ఎర్రంచు గూడ కుదిరింది. నీకు రంగులు ఎర్కనే," అంది. మళ్ళీ అదే మడతలో మడిచింది. "పదకొండున్నయ్ తమ్మీ. అన్నీ గట్టి నేత. అవి అరగాలె గదా."

"అవి పారెయ్ అక్కా."

"చుట్టాలు వెట్టిన చీరలు పారేస్తరా? నువ్వు వెట్టింది జూసి వెట్టిండ్రు పాపం, ఏరి ఏరి." వంటింటి వైపు తిరిగి, "ఓ పిల్లా, గిదిగో, ఈ చీర నువ్వు కట్టుకో. నీ మొఖానికి మస్తుంటది," అని పీట మీద పెట్టింది.

మిఠాయి నా నోట్లో పెట్టింది, సగం తను తింది. నీళ్ళు తాగింది. వచ్చిన పని అయిపోయినట్టు లేచింది. ఆటో ఎక్కిస్తానంటే వద్దంది. గుమ్మంలో నిలబడి చూశాను. ఆమె మా సందులోంచి మెయిన్ రోడ్డు దాకా నడిచింది, కాళ్ళ దగ్గర వానమబ్బు బూడిద చీర కుచ్చిళ్ళు ఆడుతున్నాయి, దాని మీద ఆ జాకెట్టు. సందు సగం దాటేసరికి చీర కంటికి ఆనడం మానేసింది. జాకెట్టు ఇంకా చాలా దూరం కనిపించింది.

ఆమె ఒంటి మీద నేను ఏరని రంగు అదొక్కటే.